ఎర్రగుడి బండ మీద లేని తారీఖు

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర ఒక గుట్ట ఉంది. దాని బండల మీద అశోకుడి శాసనాలు చెక్కి ఉన్నాయి. ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి, మరికొన్ని కుడి నుంచి ఎడమకి, మడక చాలు తిరిగినట్టు. దేశంలో ఇంకెక్కడా అశోకుడి మాటలు ఇలా కనిపించవు. పక్క బండల మీద పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి చెబుతుంది: పట్టాభిషేకమై ఎనిమిదేళ్లయ్యాక రాజు కళింగాన్ని జయించాడు, లక్షమంది చచ్చిపోయారు, లక్షన్నర మంది ఊళ్లు వదిలి చెరపోయారు.

ఇంత వివరంగా రాసిన రాజు ఆ పట్టాభిషేకం ఏ సంవత్సరంలో జరిగిందో చెప్పలేదు. చెప్పాలన్నా అప్పట్లో దేశమంతా వాడే శకం ఏదీ లేదు. మరి క్రీ.పూ. 268 ప్రాంతమని పాఠ్యపుస్తకంలో ఉన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు కట్టారు, దేని ఆధారంగా కట్టారు, వాళ్లు పొరబడి ఉండరా? ఇది అడగాల్సిన ప్రశ్నే. దీన్ని గట్టిగా అడిగినవాళ్లలో ఒక తెలుగు పండితుడు ముందు వరుసలో ఉన్నాడు కాబట్టి, మనకి ఇది ఇంటి విషయం కూడా.

ముందు ఆ అంకె పుట్టుక చూద్దాం. 1793 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్స్ ఒక సంగతి ప్రకటించాడు. అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు రచయితలు సాండ్రోకోటస్ అనే భారతీయ రాజు గురించి రాశారు. అతని రాజధాని పాలిబోత్ర, గంగా నదీ ఎరన్నోబోవస్ నదీ కలిసేచోట ఉందన్నారు. పాలిబోత్ర అంటే పాటలీపుత్రమేనని అనుమానం ఉన్నా, ఆ రెండో నది ఏమిటో జోన్స్‌కి చాలాకాలం అంతుపట్టలేదు. చివరికి ఒక పాత సంస్కృత గ్రంథంలో శోణానదికి హిరణ్యబాహు అనే పేరు కనిపించింది. దాన్ని గ్రీకు నాలుకతో పలికితే ఎరన్నోబోవస్. ముడి విడింది. సాండ్రోకోటస్ అంటే చంద్రగుప్తుడు, అంటే మౌర్య చంద్రగుప్తుడు. అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ తారీఖులు గ్రీకు చరిత్రలో తెలిసినవే. ఆ సెల్యూకస్ ఇతనితో సంధి చేసుకుని 500 ఏనుగులు తీసుకున్నాడు, మెగస్తనీస్‌ని రాయబారిగా పంపాడు. అలా మౌర్యుల కాలం క్రీ.పూ. 4వ శతాబ్దం చివర కుదురుకుంది. భారతదేశ ప్రాచీన చరిత్ర కాలక్రమం మొత్తం మొదట ఈ ఒక్క గుంజకే కట్టారు.

160 ఏళ్ల తర్వాత, 1953లో, విజయవాడ నుంచి ఒక ఇంగ్లిష్ పుస్తకం వచ్చింది. రాసినవాడు కోట వెంకటాచలం. భారత కాలక్రమంలో కుట్ర జరిగిందని పుస్తకం పేరులోనే ఉంది. సాండ్రోకోటస్ మౌర్య చంద్రగుప్తుడు కాడు, గుప్త వంశపు చంద్రగుప్తుడు అని ఆయన వాదన. దాంతో లెక్క మొత్తం వెనక్కి జరుగుతుంది. భారత యుద్ధం క్రీ.పూ. 3138. అక్కడి నుంచి బార్హద్రథులకి 1006 ఏళ్లు, ప్రద్యోతులకి 138, శిశునాగులకి 360, నందులకి 100, మౌర్యులకి 316, శుంగులకి 300, కాణ్వులకి 85, ఆంధ్రులకి 506. అన్నీ కూడి తీసేస్తే సరిగ్గా క్రీ.పూ. 327 దగ్గర గుప్తులు మొదలవుతారు, అలెగ్జాండర్ వచ్చిన రోజుల్లోనే. ఈ లెక్కలో బుద్ధుడు క్రీ.పూ. 1887లో పుడతాడు, అశోకుడు క్రీ.పూ. 1472లో గద్దె ఎక్కుతాడు.

ఈ వాదాన్ని చాదస్తమని పక్కకు నెట్టేయడం న్యాయం కాదు. జోన్స్ కాలపు యూరప్ పండితులు బైబిల్ లెక్కలో పెరిగినవాళ్లు. సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని ఆర్చిబిషప్ అషర్ కట్టిన లెక్కను చాలామంది నమ్మేవారు. జలప్రళయానికి ముందు భారతదేశంలో మహానగరాలున్నాయంటే వాళ్ల మనసు ఒప్పుకోదు. జోన్స్ స్వయంగా పురాణ వంశావళులను ఆ చట్రంలో ఇరికించే ప్రయత్నం చేశాడు. అలాంటి మనిషి కట్టిన కాలక్రమాన్ని, స్వాతంత్ర్యం వచ్చిన ఆరేళ్లకు, సంస్కృతం క్షుణ్ణంగా చదివిన మన పండితుడు తిరిగి లెక్కపెట్టి చూడాలనుకోవడం సహజం. జోన్స్ సమీకరణంలో చిక్కులూ ఉన్నాయి. గ్రీకు రచనల్లో శోణా, ఎరన్నోబోవస్ వేర్వేరు నదులుగా కనిపిస్తాయి. మెగస్తనీస్ రాతల్లో మిగిలిన ముక్కల్లో చాణక్యుడి పేరే లేదు. ఈ రెండింటినీ వెంకటాచలం లాంటి ప్రత్యామ్నాయవాదులు సరిగానే పట్టుకున్నారు.

కథ 1793 దగ్గరే ఆగి ఉంటే ఈ వాదానికి బలం ఉండేది. అయితే జోన్స్ ఆ మాట చెప్పేనాటికి అశోకుడి శాసనాలు చెక్కిన బ్రాహ్మీ లిపిని చదవగలిగినవాడు భూమ్మీద లేడు. 1837 ప్రాంతంలో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని విప్పాక, జోన్స్‌కి ఏమాత్రం తెలియని సాక్షులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఆ సాక్ష్యం చెల్లుతుందా లేదా అన్నదే అసలు విచారణ. జోన్స్ ఎలాంటివాడు, ఏం నమ్మాడు అన్నది అక్కడితో పక్కకు వెళ్లిపోతుంది.

మొదటి సాక్షి ఎర్రగుడి బండ మీదే ఉంది. పదమూడో శాసనంలో అశోకుడు తన ధర్మవిజయం ఎంతదూరం పోయిందో చెబుతూ ఐదుగురు యవన రాజుల పేర్లు ఇచ్చాడు: అంతియోకుడు, తురమాయుడు, అంతికిని, మక, అలికసుందరుడు. సిరియా రాజు ఆంటియోకస్, ఈజిప్టు రాజు టాలెమీ, మాసిడోనియా ఆంటిగోనస్, ఉత్తర ఆఫ్రికా తీరంలోని సైరీన్ రాజు మాగస్, ఎపిరస్ లేదా కోరింత్ రాజు అలెగ్జాండర్. వీళ్లంతా బతికున్న కొద్ది ఏళ్లు క్రీ.పూ. 3వ శతాబ్దం మధ్యలోనే దొరుకుతాయి. ఒక్క పేరు కలిస్తే కాకతాళీయం అనొచ్చు. ఐదు పేర్లు, ఒకే తరంలో, ఒకే వరుసలో ఉన్నాయి. అదే శాసనంలో కొంచెం ముందుకు పోతే ఆంధ్రుల పేరూ ఉంది.

ప్రత్యామ్నాయ వాదం ఇచ్చే జవాబు ఇది: ఆ యవనులు గ్రీకులు కారు, మన వాయువ్య సరిహద్దులో ఉన్న క్షత్రియులే. 1953లో ఈ జవాబు ఎంతో కొంత నిలబడేదేమో. ఐదేళ్లు తిరక్కుండానే, 1958లో, అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌లో మరో అశోక శాసనం దొరికింది. అది గ్రీకు, అరమాయిక్ భాషల్లో ఉంది. రాజు పేరు పియోదస్సేస్ అని గ్రీకు అక్షరాల్లో, అశోకుడి బిరుదు ప్రియదర్శికి గ్రీకు పలుకు. ధర్మం అనే మాటకు యుసేబియా అని గ్రీకు మాట వాడారు. అశోకుడు క్రీ.పూ. 15వ శతాబ్దంవాడైతే ఈ రాయి ఉండటానికే వీల్లేదు. గ్రీకు అక్షరమాల పుట్టిందే క్రీ.పూ. 8వ శతాబ్దం ప్రాంతంలో. అంతకు ముందు గ్రీసు దేశంలో వాడినది పూర్తిగా వేరే లిపి. ఇంకా లేని లిపిలో శాసనం చెక్కించడం ఎవరికీ సాధ్యం కాదు.

రెండో సాక్షి గుజరాత్‌లోని జునాగఢ్‌లో, గిర్నార్ దారి పక్కన ఉన్న ఒక పెద్ద బండ. ఆ ఒక్క రాయి మీద ముగ్గురు రాజుల శాసనాలున్నాయి: అశోకుడు, పశ్చిమ భారతాన్ని ఏలిన క్షత్రపుడు రుద్రదాముడు, గుప్త చక్రవర్తి స్కందగుప్తుడు. రుద్రదాముడిది 72వ సంవత్సరం. సుదర్శనం అనే చెరువు కట్ట తుఫానుకి తెగిపోతే బాగుచేయించాడు. ఆ చెరువును మొదట మౌర్య చంద్రగుప్తుడి అధికారి పుష్యగుప్తుడు కట్టించాడనీ, అశోకుడి కాలంలో యవనరాజు తుషాస్ఫుడు కాలువలు తీయించాడనీ చరిత్ర కూడా చెప్పాడు. తర్వాత అదే చెరువు మళ్లీ తెగితే స్కందగుప్తుడి కాలంలో చక్రపాలితుడు మళ్లీ కట్టించాడు. అది గుప్త సంవత్సరం 136, 137, 138ల మాట. ఒక చెరువు, మూడు కాలాల మరమ్మతు. చెరువుల మీద బతికిన నేల మనది కాబట్టి ఈ శాసనం మనకి ఇట్టే అర్థమవుతుంది: కట్ట తెగడం, పాలకుడు డబ్బు పెట్టడం, కింద పొలాలున్న జనం హమ్మయ్య అనుకోవడం.

ఇందులో మనకి కావలసిన ముక్క ఇంకొకటి ఉంది. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించాననీ, దగ్గరి చుట్టరికం వల్ల నాశనం చేయకుండా వదిలేశాననీ రుద్రదాముడు చెప్పుకున్నాడు. అంటే రుద్రదాముడూ శాతవాహనులూ ఒకే కాలంవాళ్లు. రుద్రదాముడి తాత చష్టనుడు. ఇప్పుడు అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళం రాసిన టాలెమీ దగ్గరికి వెళ్దాం. ఉజ్జయిని తియస్తనీస్ రాజధాని అనీ, పైఠాన్ సిరో పోలెమాయస్ రాజధాని అనీ రాశాడు. తియస్తనీస్ చష్టనుడు, సిరో పోలెమాయస్ శ్రీ పులుమావి. ఈ పులుమావి ఎవరో కాదు, అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనంలో ఉన్న శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావే. టాలెమీ కాలం గురించి పెద్ద గొడవ లేదు. ఖగోళ గ్రంథంలో అతను స్వయంగా చేసి నమోదు చేసుకున్న పరిశీలనలు క్రీ.శ. 127 నుంచి 141 మధ్యవి. రుద్రదాముడి 72 క్రీ.శ. 78లో మొదలైన శక సంవత్సరమైతే క్రీ.శ. 150 అవుతుంది. రెండు దిక్కుల నుంచి వచ్చిన లెక్కలు ఒకేచోట కలిశాయి.

వెంకటాచలం కాలక్రమంలో ఆంధ్ర వంశం, అంటే శాతవాహనులు, క్రీ.పూ. 327తో అంతం. అప్పటికి దాదాపు ఐదువందల ఏళ్ల కిందటే పోయిన రాజును, ఇప్పుడు ఏలుతున్నవాడిగా టాలెమీ ఎలా రాస్తాడు? ఈ ప్రశ్నకి ఆ కాలక్రమం దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. మౌర్యుల దగ్గరా గుప్తుల దగ్గరా మొదలైన వాదం తప్పని తేల్చే గట్టి సాక్ష్యాల్లో ఒకటి తెలుగువాళ్ల సొంత రాజవంశం నుంచే రావడం గమనించాలి.

అనుమానం ఇంకా ఉంటే నాణేలు చూడొచ్చు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో ఒక నిధి దొరికింది. అందులో 13 వేలకు పైగా వెండి నాణేలు, అన్నీ క్షత్రపుడు నహపాణుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. అలాంటి నాణెం ఒకటి దగ్గరగా చూస్తే, నహపాణుడి ముఖం మీద మూడు గోపురాల కొండ గుర్తు అడ్డంగా దిగబడి ఉంటుంది. అంచున గ్రీకు అక్షరాల ముక్కలు సగం చెరిగి మిగిలి ఉంటాయి. ఓడినవాడి బొమ్మ, గెలిచినవాడి గుర్తు ఒకే వెండి బిళ్ల మీద. వీళ్లిద్దరి మధ్య శతాబ్దాల దూరం పెట్టడం ఏ లెక్కతోనూ కుదరదు.

మూడో సాక్షి ప్రత్యామ్నాయవాదులకు చాలా ఇష్టమైనది. కర్ణాటకలోని ఐహొళెలో, రెండో పులకేశి ఆస్థానకవి రవికీర్తి రాసిన శాసనం. భారత యుద్ధం జరిగి 3735 ఏళ్లయిందని అందులో ఉంది. సంప్రదాయ కాలగణనకి ఇంత స్పష్టమైన రాతి ఆధారం వేరే దొరకడం కష్టం. తెలుగువాళ్లు ఈ శాసనాన్ని మరో కారణానికి గుర్తుపెట్టుకుంటారు. పులకేశి పిఠాపురం మీద పడిన సంగతి రవికీర్తి ఇలా చెప్పాడు: “పిష్టం పిష్టపురం యేన”. పిష్టపురాన్ని పిండి చేశాడట. తర్వాత కునాల సరస్సు, అంటే కొల్లేరు, నీళ్లు రక్తంతో ఎరుపెక్కాయని రాశాడు.

రవికీర్తి భారత యుద్ధం లెక్కతో ఆగలేదు, పక్కనే శక సంవత్సరం 556 అని కూడా ఇచ్చాడు. శకం 556కి 78 కలిపితే క్రీ.శ. 634. కలియుగం మొదలైందని చెప్పే క్రీ.పూ. 3102 నుంచి 3735 ఏళ్లు లెక్కిస్తే, మధ్యలో సున్నా సంవత్సరం లేదు కాబట్టి, అదీ సరిగ్గా 634. రెండు లెక్కలూ ఒకదానికొకటి జామీను. ఇప్పుడు ప్రత్యామ్నాయ కాలక్రమం ఏమంటుందో చూద్దాం. వరాహమిహిరుణ్ని క్రీ.పూ. 123కి జరపడానికి శకం అంటే క్రీ.పూ. 550లో మొదలైన వేరే పారశీక శకం అంటుంది. ఆ శకంతో ఐహొళె 556ని లెక్కపెడితే క్రీ.శ. 7 ప్రాంతం వస్తుంది. 3735 లెక్కతో ఎక్కడా కలవదు. యుద్ధాన్ని 3138కి పెట్టి లెక్కిస్తే 598 వస్తుంది, అదీ కలవదు. రవికీర్తి రాసినట్టు తీసుకుంటే రెండు అంకెలూ సరిపోయేది 78 శకంతోనే. పైగా 629లో చైనా నుంచి బయలుదేరి 645లో తిరిగివెళ్లిన యాత్రికుడు హ్యుయెన్ త్సాంగ్, మహారాష్ట్రలో పులకేశి ఏలుబడి గురించీ, హర్షుడు అతన్ని ఓడించలేకపోవడం గురించీ రాశాడు. మన ధాన్యకటకానికీ వచ్చి వెళ్లాడు. చైనా సంవత్సరాల లెక్క గ్రీకులతోనూ బైబిల్‌తోనూ సంబంధం లేనిది. కలకత్తాలో కుట్ర జరిగినా చైనా రాజాస్థానపు దస్తావేజుల దాకా అది చేరదు కదా.

గుప్తుల విషయంలోనూ ఇలాంటి తనిఖీ ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో బుధగుప్తుడి స్తంభం మీద సంవత్సరం 165, ఆషాఢ శుద్ధ ద్వాదశి, సురగురు దినం అని రాసి ఉంది. సురగురుడంటే బృహస్పతి, కాబట్టి గురువారం. గుప్త శకం శక శకానికి 241 ఏళ్ల తర్వాత మొదలైందని 11వ శతాబ్దపు పండితుడు అల్‌బిరూనీ రాసిపెట్టాడు. ఆ లెక్కతో ఏరణ్ తిథి క్రీ.శ. 484 జూన్ 21 అవుతుంది. ఆ రోజు ఏ వారమో లెక్కగడితే గురువారమే వస్తుంది. పంచాంగం చూడటం తెలిసిన ఎవరైనా ఇంట్లో కూర్చుని దీన్ని చెక్ చేసుకోవచ్చు.

ప్రత్యామ్నాయ కాలక్రమం లోపలి అతుకులు కూడా చూడాలి. పురాణాల మీద గౌరవంతో కట్టిన లెక్క అంటారు. పురాణ పాఠాల్లో మౌర్యులకి సాధారణంగా కనిపించేది 137 ఏళ్లు, శుంగులకి 112, కాణ్వులకి 45. వెంకటాచలం లెక్కలో అవి 316, 300, 85 అయ్యాయి. పెరిగిన 407 ఏళ్లు లేకపోతే గుప్తులు అలెగ్జాండర్ దగ్గరికి చేరరు. ఇందుకు ఆధారంగా చూపే కలియుగరాజవృత్తాంతం అనే గ్రంథం ప్రామాణికతను ఆర్.సి. మజుందార్ లాంటి చరిత్రకారులు ఒప్పుకోలేదు. ఆర్యభటుడి సంగతి ఇంకా స్పష్టం. తనకు 23 ఏళ్లు నిండేసరికి కలియుగంలో అరవై అరవైలు, అంటే 3600 ఏళ్లు గడిచాయని అతనే చెప్పాడు. అది క్రీ.శ. 499. ఈ వాదంలో ‘షష్టిః’ అన్నచోట ‘షడ్భిః’ అని చదువుతారు. అరవై అరవైలు ఆరు అరవైలుగా మారి 360 అవుతాయి. ఒక్క మాట పాఠం మారిస్తే ఆర్యభటుడు 3240 ఏళ్లు వెనక్కి వెళ్లిపోతాడు.

సంప్రదాయం ఒక్క గొంతుతో మాట్లాడుతుందన్నది కూడా నిజం కాదు. వరాహమిహిరుడు యుధిష్ఠిరుడి కాలానికి శకానికి ముందు 2526 ఏళ్లన్నాడు. దాన్ని అనుసరించి 12వ శతాబ్దంలో కాశ్మీర చరిత్ర రాసిన కల్హణుడు, కలియుగంలో 653 ఏళ్లు గడిచాక పాండవులు ఉన్నారన్నాడు. ద్వాపరం చివర యుద్ధం జరిగిందని నమ్మినవాళ్లను పొరబడ్డారని అన్నాడు కూడా. అంటే కాలక్రమాన్ని ప్రశ్నించడం మనకి జోన్స్ వచ్చాక మొదలైంది కాదు. పరీక్షిత్తు పుట్టుక నుంచి నందుడి పట్టాభిషేకం దాకా ఎన్నేళ్లన్న దానికి పురాణ ప్రతుల్లో 1015, 1050, 1500 అనే పాఠాలున్నాయి. ఈమధ్య మహాభారతంలోని గ్రహస్థితులను కంప్యూటర్‌లో పెట్టి యుద్ధం తారీఖు తేల్చామని చెప్పేవాళ్లు పెరిగారు. ఒకరికి క్రీ.పూ. 3067 వస్తుంది, ఇంకొకరికి క్రీ.పూ. 5561. గ్రంథం ఒకటే, ఆకాశం ఒకటే. తేడా 2494 ఏళ్లు. ఏ శ్లోకాన్ని గట్టిగా పట్టుకోవాలి, దేన్ని అలంకారంగా వదిలేయాలి అన్నది మనిషి ముందే తేల్చుకుని సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటున్నాడు కాబట్టే ఇలా అవుతోంది.

ఇలాంటి వాదాలు మన దేశంలోనే పుట్టలేదు. మాస్కో యూనివర్సిటీ గణిత శాస్త్రవేత్త అనతోలీ ఫొమెంకో ఇంకా దూరం వెళ్లాడు. గ్రీకు, రోమన్ చరిత్ర చాలావరకు మధ్యయుగాల సంఘటనల నకలేననీ, 16, 17 శతాబ్దాల్లో కాలక్రమం కట్టిన యూరప్ పండితుడు స్కాలిగర్ లాంటివాళ్లు దాన్ని సాగదీశారనీ అంటాడు. అందుకోసం టాలెమీ నక్షత్రాల పట్టికను కూడా మధ్యయుగాలకి జరిపాడు. జర్మనీకి చెందిన హెరిబర్ట్ ఇల్లిగ్ 1991లో, క్రీ.శ. 614 నుంచి 911 దాకా 297 ఏళ్లు అసలు జరగనే లేదన్నాడు. ఆ మధ్యకాలంలోనే చైనాలో తాంగ్ వంశం లెక్కాపత్రాలతో సహా రాజ్యమేలింది. ఇల్లిగ్ మాట నిజమైతే రవికీర్తి శాసనం పోతుంది, 624లో వేంగిలో మొదలైన తూర్పు చాళుక్యుల తొలి మూడువందల ఏళ్లు పోతాయి. తెలుగు పద్యం మనకి మొదటగా రాతి మీద కనిపించే అద్దంకి శాసనం కూడా పోతుంది.

ఈ వాదాలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. వెంకటాచలం చరిత్రను పొడిగించాడు, ఫొమెంకో కుదించాడు. పులుమావిని క్రీ.పూ.కి పంపాలంటే టాలెమీని అడ్డు తప్పించాలి. టాలెమీని కదిలించినవాడు ఫొమెంకో, కానీ అతను కదిలించింది ఎదురు దిక్కుకి. రెండు పుస్తకాలూ ఒకే అలమరలో, ‘దాచిన చరిత్ర’ అనే వరుసలో ఉంటాయి. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కాక తప్పదు.

ఒప్పుకున్న కాలక్రమం మారదని దీని అర్థం కాదు. ఎన్నోసార్లు మారింది, పెద్ద ఎత్తున మారింది. 1924 సెప్టెంబర్‌లో హరప్పా, మొహెంజొదారో గురించి జాన్ మార్షల్ ప్రకటించేదాకా భారతదేశంలో అంత పాత నగరాలున్నాయని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. అక్కడి ముద్రలు మెసొపొటేమియా నగరాల్లోనూ దొరకడంతో మన చరిత్ర ఒక్క ఊపున రెండువేల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లింది. బ్రిటిష్ ప్రభుత్వపు పురావస్తు శాఖే ఆ పని చేసింది. బుద్ధుడి నిర్వాణం క్రీ.పూ. 483 అని చాలాకాలం నడిచింది. అశోకుడి పట్టాభిషేకానికి 218 ఏళ్ల ముందని సింహళ గ్రంథాలు, 100 ఏళ్ల ముందని ఉత్తరాది బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఇప్పుడు చాలామంది పండితులు క్రీ.పూ. 400 ప్రాంతానికి మొగ్గుతున్నారు. కుషాణ రాజు కనిష్కుడి శకం క్రీ.శ. 78లో మొదలైందా, ఇంకా తర్వాతా అని పండితులు లండన్‌లో సభలు పెట్టి మరీ వాదించుకున్నారు.

మన దగ్గర విష్ణుకుండినుల ఉదాహరణ ఉంది. వాళ్ల తామ్రశాసనాల్లో రాజ్య సంవత్సరాలే తప్ప శకం ఉండేది కాదు. పొలమూరు శాసనంలో ఒక చంద్రగ్రహణం ఉంటే, దాన్ని పట్టుకుని మాధవవర్మను 7వ శతాబ్దం దాకా లాగినవాళ్లున్నారు. గ్రహణాలు మళ్లీమళ్లీ వస్తాయి కాబట్టి ఎవరి లెక్క వాళ్లది. ఆ తర్వాత నల్లగొండ ప్రాంతపు తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకుల్లో శక సంవత్సరం 488 అని కనిపించింది. అంటే క్రీ.శ. 566. ఒక్క రేకుతో మొత్తం వంశం కాలక్రమం తిరగరాయాల్సి వచ్చింది. పాత లెక్క కట్టినవాళ్లలో పెద్దపెద్ద పండితులున్నా, ఎవరి పరువూ ఆ రేకుకి అడ్డం రాలేదు.

ఇక్ష్వాకుల విషయంలో ఇంకా తేలని చిక్కు ఒకటుంది, అది తెలుగువాళ్లకు వెంటనే అర్థమవుతుంది. నాగార్జునకొండ శాసనాల్లో విజయ నామ సంవత్సరం ప్రస్తావన ఉంది. అరవై ఏళ్లకోసారి విజయ వస్తుంది. అది క్రీ.శ. 273 అని కొందరు, 333 అని కొందరు. ఈ అరవై ఏళ్ల గందరగోళం తీరాలంటే నిజంగా కొత్త ఆధారం కావాలి, కొత్త కళ్లు కావాలి.

శాతవాహనుల మొదలు ఎప్పుడన్నది అంతకంటే పెద్ద చిక్కు. మత్స్యపురాణం ముప్పైమంది రాజులు 460 ఏళ్లు ఏలారంటుంది, వాయుపురాణం తక్కువమందిని చెప్పి 300 ఏళ్లంటుంది. మొదటి లెక్కతో ఆ వంశపు తొలి రాజు శ్రీముఖుడు క్రీ.పూ. 3వ శతాబ్దంవాడు, రెండో లెక్కతో క్రీ.పూ. 1వ శతాబ్దంవాడు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో అతని పేరున్న నాణేలు దొరికాయి. శాతవాహనుల కంటే ముందరి స్థానిక రాజులు గోబద, నారన, కంవాయస, సమగోపల నాణేలూ అక్కడే దొరికాయి. అయితే వాటిలో చాలా నాణేలు ఊరిజనం, ఉత్సాహవంతులు నేల మీద పైపైన ఏరి తెచ్చినవి. నాణెం మట్టిపొరలోనే ఉండగా దొరికితే, దాని పక్కనున్న బొగ్గుముక్కను కార్బన్ పరీక్షకి పంపి కాలం అడగొచ్చు. చేతిలోకి వచ్చాక ఆ నాణెం రాజు పేరు చెబుతుంది, అంతవరకే. కోటిలింగాల లాంటి చోట్ల తవ్వకుండా మిగిలిన దిబ్బల్లో, ఎవరూ కదిలించని పొరలో, అలాంటి నాణెం ఇంకొకటి ఉంటే శ్రీముఖుడి శతాబ్దం అక్కడ తేలుతుంది.